రెయిన్ కవర్ వేసినా బ్యాగులోకి నీళ్లెలా వచ్చాయి?

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం తలకోన నుంచి వచ్చి, మిద్దె మీద బ్యాగు బోర్లించాను. గ్లాసుడు నీళ్లు కారాయి. ఆ బ్యాగుకి రెయిన్ కవర్ ఉంది. చినుకు మొదలవగానే వేశాను, చివరిదాకా తీయలేదు, అది ఎక్కడా చిరగలేదు. వాన కురిసింది కూడా ముప్పావుగంటే. నాతో వచ్చిన మా బావమరిది దగ్గర కవరూ లేదు, గివరూ లేదు. కాలేజీ రోజుల నాటి పాత బ్యాగు వేసుకొచ్చాడు. అది పిండితే నీళ్లు కారేంతగా నానింది, కానీ లోపలి బట్టలు ఇస్త్రీ మడతతో సహా పొడిగా ఉన్నాయి. "ఏంది బావా, అంత డబ్బు పోసి కొన్నావే!" అని వాడు నవ్విన నవ్వు నేనింకా మరిచిపోలేదు.

అప్పట్నుంచి ఈ తడి సంగతి నన్ను పట్టుకుంది. చదివాను. మిద్దె మీద మగ్గుతో నీళ్లు పోసి చూశాను. ఇంట్లో తిట్లు కూడా తిన్నాను. చివరికి అర్థమైంది ఇది: బ్యాగు మొత్తం తడవకుండా చూడాలన్న ఆరాటంతోనే మనం దారి తప్పుతున్నాం. బ్యాగు ఎలాగూ తడుస్తుంది. దాంట్లో తడవకూడని వస్తువులు నాలుగైదు ఉంటాయి. రాత్రి వేసుకునే బట్టలు, పడుకునే దుప్పటి, ఫోను, మందులు, అగ్గిపెట్టె. వీటికి గట్టి కాపలా పెట్టి మిగతావి వానకు వదిలేయొచ్చు. అలా ఎందుకు వదిలేయాలో తెలియాలంటే నీళ్లు ఎన్ని దార్లలో వస్తాయో చూడాలి. అవి అన్నీ ఆకాశం నుంచే రావు.

మామిడి జల్లులు

చిత్తూరు, తిరుపతి వైపు పెద్దవానలంటే కార్తీకమాసమే గుర్తొస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజులు వదలకుండా కొడుతుంది. 2021 నవంబర్ వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని 2022 మేలో గానీ మళ్లీ తెరవలేకపోయారు. ఆ వానలో బ్యాగు తగిలించుకొని కొండెక్కే ధైర్యం ఎవరూ చేయరు కాబట్టి దాని గురించి ఇక్కడ మాట్లాడాల్సింది లేదు.

ఉగాది దాటాక పడే వాన వేరు. పగలంతా ఎండ మాడుస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలి, లోపలి నుంచి వీచే పొడి వేడిగాలి కలిసేచోట, కొండలు ఆ గాలిని పైకి తోసేచోట మధ్యాహ్నానికి మబ్బు గోపురంలా లేస్తుంది. నాలుగు, అయిదు గంటలకు గాలి, ఉరుము, వాన, ఒక్కోసారి వడగళ్లు. గంటలో అంతా అయిపోయి మళ్లీ ఉక్కపోత. మామిడి కాయ పట్టే కాలం కాబట్టి మామిడి జల్లులన్నారు. పేరు ముద్దుగానే ఉంటుంది. గాలి కాస్త ఎక్కువైతే తోటలో తోతాపురి కాయలు రాలిపోయి రైతు నెత్తిన చేతులు పెట్టుకుంటాడు.

ఈ వానకి ఉన్న రెండు గుణాలు మన బ్యాగుకి ముఖ్యం. ఒకటి, గాలి. చినుకు నిలువుగా పడదు, పక్కనుంచి కొడుతుంది. రెండు, వేడి. వానకి ముందూ వెనకా మనం చెమటతో నానుతూనే ఉంటాం. బయటి దేశాల వీడియోలు చూసి మనం కొనే సామానంతా చలిలో సన్నగా, గంటల తరబడి కురిసే వానను మనసులో పెట్టుకొని తయారుచేసింది. మన వాన తీరు వాటికి తెలియదు.

పిడుగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బట్టలు తడిస్తే ఆరతాయి, ప్రాణం సంగతి అలా కాదు. మెరుపు కనిపించాక ఉరుము వినబడటానికి 30 సెకన్లు కూడా పట్టలేదంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే గట్టు మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి, నీళ్లలోంచి తప్పుకోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వాళ్ల 'దామిని' యాప్ మన చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగుల హెచ్చరిక చూపిస్తుంది. సిగ్నల్ ఉన్నచోటే ఒకసారి చూసుకొని అడవిలోకి దిగడం మంచిది.

కవరు కింద ఏం జరుగుతోంది

రెయిన్ కవర్ తీరును ఒకసారి జాగ్రత్తగా చూడండి. అది బ్యాగుకి మూడు వైపులే కప్పుతుంది. నాలుగో వైపు, అంటే మన వీపుకి ఆనే వైపు, ఖాళీ. అక్కడ పట్టీలుంటాయి కాబట్టి కప్పడం కుదరదు. వాన మన తల మీద పడుతుంది, మెడ వెనక నుంచి జారుతుంది, చొక్కా వీపంతా తడుపుతుంది. ఆ తడి వీపుకి ఆనుకున్న స్పాంజి దిండు దాన్ని దాహంగా పీల్చుకుంటుంది. పట్టీల వెంట కూడా నీళ్లు లోపలికి పాకుతాయి. వీపు వైపు కుట్లన్నీ ఆ స్పాంజి కిందే ఉంటాయి. కుట్టు అంటే వరసగా సూది బెజ్జాలే కదా.

అలా దిగిన నీళ్లు బ్యాగు అడుక్కి చేరతాయి. అక్కడ కవరు పొట్టలా కిందికి వేలాడుతూ ఉంటుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపాల్సిన కవరు ఇప్పుడు బయటికి పోకుండా ఆపుతుంది, బొక్కెనలాగా. నేను మిద్దె మీద బోర్లించిన గ్లాసుడు నీళ్లు అవే. కొన్ని కవర్లకి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అది తయారీలో జరిగిన పొరపాటని అనుకొని టేపు అంటించినవాళ్లు నాకు తెలుసు. ఆ రంధ్రం ఈ నీళ్లు పోవడానికే. మీ కవరుకి లేకపోతే అడుగున ఒకటి చేసుకోవచ్చు.

గాలివానలో ఇంకో తమాషా. గాలి కవరు కింద దూరి దాన్ని ఉబ్బిస్తుంది, ఎలాస్టిక్ జారుతుంది, తెరచాపలా ఎగిరి ముళ్లచెట్టు మీద పడుతుంది. ఇక వాగు దాటేటప్పుడైతే కవరు ఎందుకూ పనికిరాదు. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల అడవిలోని తుంబురు తీర్థం ముక్కోటికి పోయినవాళ్లని అడగండి, నీళ్లలో రాళ్ల మీద నడక ఎలా ఉంటుందో చెబుతారు. కాలు జారి కూర్చుండిపోతే నీళ్లు కింది నుంచి వస్తాయి.

మరి కవరు దండగా? దండగేం కాదు. బ్యాగు గుడ్డ నీళ్లు తాగి బరువెక్కకుండా చూస్తుంది, బురద అంటనివ్వదు. అంతవరకే దాని పని.

'నా బ్యాగు వాటర్‌ప్రూఫ్ గుడ్డ, 1500 ఎంఎం' అని లేబుల్ చూపించేవాళ్లకి ఆ అంకె ఏమిటో చెప్పాలి. గుడ్డను ఒక గొట్టం మూతికి బిగించి, దాని మీద నీళ్ల ఎత్తు పెంచుకుంటూ పోతారు. ఎంత ఎత్తు దగ్గర గుడ్డలోంచి చుక్కలు ఊరతాయో అదే ఆ అంకె. 1500 అంటే మీటరున్నర ఎత్తు నీళ్లను ఆపింది అని అర్థం. మామూలు వానను ఆపడానికి అది చాలు. కానీ వాన ఒక్కటే గుడ్డను నొక్కదు, మనమూ నొక్కుతాం. అరవై కిలోల మనిషి టెంట్‌లో రెండు మోకాళ్ల మీద ఆనుకున్నాడనుకోండి. ఆ బరువంతా ఓ 120 చదరపు సెంటీమీటర్ల మీద పడితే చదరపు సెంటీమీటరుకి అరకిలో అవుతుంది. అది అయిదు మీటర్ల ఎత్తు నీళ్లు నొక్కినంత నొక్కుడు, అంటే 5000 ఎంఎం. కింద నేల తడిగా ఉంటే 3000 ఎంఎం అని రాసున్న టెంట్ అడుగు గుడ్డ కూడా మోకాలి కింద చెమర్చడంలో వింత లేదు. బ్యాగుని తడిరాయి మీద పెట్టి దాని మీద కూర్చుంటే జరిగేదీ ఇదే.

పైగా ఆ అంకె గుడ్డది మాత్రమే. బ్యాగంటే గుడ్డతో పాటు జిప్పులు, కుట్లు, పట్టీల అతుకులు. కుట్ల మీద లోపలివైపు టేపు అతికించారో లేదో వేలితో తడిమి చూడండి. చవక బ్యాగుల్లో ఉండదు.

యూరియా బస్తా లోపలి కవరు

మా బావమరిది రహస్యం ఇదే. వాళ్ల నాన్నకి, అంటే మా మామకి, చిత్తూరు వైపు కొద్దిపాటి మామిడి తోట ఉంది. షెడ్డులో పడున్న యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బ్యాగు లోపల గోడలకు ఆనేలా పరిచాడు. బట్టలు అందులో వేసి, గాలి పోయేలా ఒత్తి, మూతి మెలిపెట్టి, మెడ వంచి లోపలికి దోపాడు. బ్యాగు నిండా నీళ్లు పట్టినా దానికి ఫరక్ లేదు. కుట్టు లేదు, జిప్పు లేదు, వీపు వైపు ఖాళీ లేదు. మందం ఉంది కాబట్టి అంత తేలిగ్గా చిరగదు.

ట్రెక్కింగ్ సామాన్ల దుకాణాల్లో దీన్నే ప్యాక్ లైనర్ అని అమ్ముతారు. పనిలో తేడా ఏమీ లేదు. ఇళ్లల్లో వాడే పల్చటి నల్ల చెత్తకవర్లు మాత్రం వద్దు, టూత్‌బ్రష్ మూల తగిలినా చిల్లు పడుతుంది. ముడి కూడా వేయకండి. ముడి గుండా నీళ్లు దారి చేసుకుంటాయి, పైగా తడిచేతులతో అది విప్పడం ఒక నరకం. మూతిని మెలిపెట్టి మడవడమే మేలు.

మూతి చుట్టి బకిల్ పెట్టే డ్రై బ్యాగులు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. మూతిని కనీసం మూడుసార్లు గట్టిగా మడవాలి. రెండు మడతలేసి వదిలేస్తే అది మామూలు సంచే. చుట్టే ముందు లోపలి గాలి తీసేయాలి. లేకపోతే బ్యాగులో ఒత్తిడికి ఆ గాలి బయటికి తన్నుకొచ్చి మడతల్ని వదులు చేస్తుంది. కొంచెం ఖర్చయినా తిరుమలకు తరచూ నడిచి వెళ్లేవాళ్లకి ఇదే నయం, ఎందుకంటే కొండ మీద ప్లాస్టిక్ కవర్లకు నిషేధం ఉంది, అలిపిరి తనిఖీ దగ్గరే పట్టుకుంటారు. గుడ్డ డ్రై బ్యాగు ఏళ్ల తరబడి వస్తుంది. నిజానికి అలిపిరి మెట్లకి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. పెద్ద బ్యాగు కౌంటర్లో ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, దారి పొడవునా చాలాచోట్ల పైకప్పు కూడా ఉంది. భుజాన చిన్న సంచి, చేతిలో గొడుగు చాలు.

లోపలి నుంచి వచ్చే వాన

ఇప్పటిదాకా చెప్పింది తేలిక భాగం. ఎండాకాలం వానలో మనిషిని ఎక్కువగా తడిపేది ఆకాశం కాదు, తన ఒళ్లే. ఉక్కలో బరువు మోస్తూ ఎక్కుతుంటే గంటకు లీటరు దాకా చెమట పోయగలదు. దాని మీద ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుంటే ఆ లీటరూ మనతోనే ఉంటుంది. అరగంటకి కోటు లోపలా బయటా ఒకటే తడి.

'ఊపిరి తీసుకునే' జాకెట్లు దీనికే వచ్చాయి. 1969లో రాబర్ట్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ని ఒక్క ఊపున సాగదీస్తే అది సన్నటి రంధ్రాల పొరగా మారింది. గోర్‌టెక్స్ పుట్టుక అదే. ఆ రంధ్రాల్లో నీటి చుక్క పట్టదు, ఆవిరి మాత్రం పోతుంది. ఇది నిజమే. అయితే ఆవిరి తనంతట తాను పోదు, దాన్ని ఏదో ఒకటి బయటికి తోయాలి. జాకెట్ లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. ఆ తేడాయే తోసే చెయ్యి. హిమాలయాల్లో అయిదు డిగ్రీల చలిలో బయటి గాలిలో ఆవిరి చాలా తక్కువ, కాబట్టి తేడా పెద్దది. మన దగ్గర వాన కురిసేటప్పుడు 25, 26 డిగ్రీలు, గాలి నిండా తేమ. ఆ తేడా దాదాపు సగానికి పడిపోతుంది. వేలు పోసి కొన్న జాకెట్ తలకోనలో చేతులెత్తేస్తే అది దాని తప్పు కాదు.

జాకెట్ పైగుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా దొర్లిపోయేలా చేసే పూత ఒకటి ఉంటుంది. బ్యాగు పట్టీల రాపిడికీ, చెమట జిడ్డుకీ ముందుగా పోయేది భుజాల దగ్గర ఆ పూతే. అది పోతే పైగుడ్డ నీళ్లు తాగి పొర మీద తడిదుప్పటిలా కప్పుకుంటుంది, ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. 'జాకెట్ కారుతోంది' అని చాలామంది అనేది ఈ స్థితినే. నిజానికి అది కారడం లేదు, చెమట లోపలే మిగిలిపోతోంది.

మరి ఏం వేసుకోవాలి? నా మటుకు నేను, గాలి లేని వానలో గొడుగు తీస్తాను. నవ్వేవాళ్లు నవ్వనీ. తల, భుజాలు, బ్యాగు పైభాగం పొడిగా ఉంటాయి, చుట్టూ గాలి ఆడుతుంది. గాలివానలో, గట్టు మీద, మెరుపుల్లో గొడుగు మూసేయాల్సిందే. అప్పుడు బ్యాగుతో సహా కప్పేసే వదులు పాంచో మంచిది, కింద తెరిచి ఉంటుంది కాబట్టి గాలి పోతుంది. దారి కొంచెమే మిగిలి, గాలి వేడిగానే ఉంటే ఏమీ వేసుకోకుండా తడవడం కూడా సరైన నిర్ణయమే. కానీ ఒంటి మీద ఉన్నది పల్చటి పాలియెస్టర్ టీషర్టు అయి ఉండాలి. పాలియెస్టర్ పోగులోకి నీళ్లు దాదాపు ఇంకవు, పోగుల సందుల్లో నిలుస్తాయంతే. పిండి వేసుకుంటే నడకలోనే ఆరిపోతుంది. కాటన్ తన బరువుకి రెండింతలకు పైగా నీళ్లు పట్టుకొని సాయంత్రం దాకా వదలదు. గాలివాన పడగానే వేడి ఒక్కసారి పది డిగ్రీలు పడిపోయిన రోజులుంటాయి. తడి కాటన్ చొక్కాతో గట్టు మీద గాలికి నిలబడితే మే నెలలో కూడా పళ్లు టకటకమంటాయి.

మా అమ్మమ్మ వాళ్లది చంద్రగిరి దగ్గర పల్లె. అక్కడ గొర్రెలు మేపే ఒక తాత ఉండేవాడు. వాన రాగానే ముతక కంబళి మూల ఒకటి లోపలికి మడిచి నెత్తికి కొప్పెర పెట్టుకొని, గొర్రెల మధ్య గుండ్రాయిలా కూర్చునేవాడు. చిన్నప్పుడు నేను అడిగాను, కంబళి తడిసిపోతుంది కదా తాతా అని. "పైన తడిస్తే తడవనీ నాయనా, ఒంటికి ఆనేది తడవకుంటే చాలు" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో ఎంత శాస్త్రం ఉందో ఈ మధ్యే తెలిసింది. ఉన్ని పోగు మీద సహజమైన జిడ్డు ఉంటుంది, చినుకు జారుతుంది. పోగు లోపల మాత్రం తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని తడిగా అనిపించకుండానే దాచుకోగలదు. అలా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా పుట్టిస్తుంది. ఒక్కటే చిక్కు, బరువు. బాగా నానిన కంబళిని వీపున వేసుకొని తలకోన ఎక్కమంటే ఆ తాతే వద్దంటాడు.

గాలిలో తేమ లెక్క

'బ్యాగు మూసేటప్పుడు ఉక్కగాలి లోపల చిక్కుకుపోయి రాత్రికి నీళ్లుగా మారుతుంది, అందుకే బట్టలు చెమ్మగా అయ్యాయి' అని ఒక మాట తరచుగా వింటుంటాం. లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టగల ఆవిరి సుమారు 30 గ్రాములు. మన బ్యాగు 50 లీటర్లు, అంటే ఘనమీటరులో ఇరవయ్యో వంతు. అందులో గాలి తప్ప ఇంకేమీ లేకపోయినా ఆవిరి గ్రామున్నర దాటదు. ఒక టీస్పూనులో మూడో వంతు. దానితో ఏ బట్టా తడవదు.

అదే బ్యాగులో స్నానం చేసిన కాటన్ టవలు ఒకటి పడేశారనుకోండి. పావుకిలో నీళ్లు తెచ్చి పెట్టినట్టే. అవి ఆవిరై, పక్కనున్న పొడిబట్టల్లోకి చేరి, తెల్లారేసరికి అన్నీ సమంగా చెమ్మగా అవుతాయి. అంటే నేరం గాలిది కాదు, టవలుది. మందపాటి టవలు మానేసి పల్చటి తుండు తీసుకెళ్లండి, పిండి బ్యాగు బయట వేలాడదీయండి.

ఇదే లెక్క ప్రకారం చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు ఎక్కడ పనికొస్తాయో కూడా తెలుస్తుంది. అయిదు గ్రాముల పొట్లం గ్రాము, గ్రామున్నర తేమ పీలుస్తుంది. మూతబిగువు డబ్బాలో కెమెరాకి, మందులకి అది బంగారం. తడి టవలు ముందు దాని గతి అగస్త్యుడు తప్ప ఇంకెవరో సముద్రం తాగబోయినట్టే.

టెంట్ సంగతి వేరు. అక్కడ ఆవిరి పుట్టించే యంత్రాలు లోపలే పడుకొని ఉంటాయి. ఒక మనిషి రాత్రంతా ఊపిరితోనే సుమారు 100 మిల్లీలీటర్ల నీళ్లు వదులుతాడు. ఇద్దరైతే గ్లాసుడు. వాన వెలిశాక పైగుడ్డ చల్లబడుతుంది, ఆ గ్లాసుడూ దాని లోపలివైపు చుక్కలుగా పడుతుంది, పొద్దున్నే తల తగిలితే మన మీద రాలుతుంది. 'టెంట్ కారింది' అంటారు. వాన భయంతో జిప్పులన్నీ మూసేసుకున్నవాళ్లకే ఇది ఎక్కువ. గాలి వచ్చే వైపు కిందా, పోయే వైపు పైనా కొంచెం తెరిచి ఉంచాలి. తడిబూట్లు లోపలికి తేకూడదు. టెంట్ కింద వేసే పట్టా టెంట్ అంచు కంటే రెండు అంగుళాలు లోపలికే ఉండాలి. బయటికి వచ్చిందా, వాన నీళ్లను పట్టి నేరుగా మన కిందికి తెస్తుంది.

టెంట్ ఎక్కడ వేస్తామన్నది తడి కంటే పెద్ద సంగతి. శేషాచలం అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం ఎలాగూ కుదరదు. అనుమతి ఉన్నచోట కూడా ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అక్కడ వేయొద్దు. పైన ఎక్కడో కొండ మీద వాన పడితే, ఇక్కడ చుక్క రాలకుండానే వాగు వచ్చేస్తుంది.

ఫోన్ల గురించి క్లుప్తంగా. ఐపీ67 అంటే మంచినీళ్లలో మీటరు లోతున అరగంట తట్టుకుందని కొత్త ఫోను మీద చేసిన పరీక్ష. రెండేళ్లు వాడి, నాలుగుసార్లు కింద పడేసిన ఫోనుకి ఆ మాట వర్తిస్తుందని నమ్మకండి. పవర్ బ్యాంకులకు చాలావాటికి ఆ మాత్రం రక్షణ కూడా ఉండదు. రెండింటినీ జిప్ కవర్లో పెడితే సరిపోతుంది, కవరు మీద నుంచే స్క్రీన్ పనిచేస్తుంది కూడా. ఉత్త స్క్రీన్ మీద చినుకులు పడితే వేలనుకొని తనంతట తానే ఎవరికో ఫోన్ చేస్తుంది. తడిసిన ఫోనుని బియ్యంలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, బియ్యప్పిండి ఛార్జింగ్ రంధ్రంలో చేరడం తప్ప. ఆపేసి, తుడిచి, గాలి ఆడేచోట పెట్టండి. కెమెరా ఉన్నవాళ్లకి తిరుపతి లాడ్జీల ఏసీ గదులు ఒక తలనొప్పి. చల్లబడ్డ లెన్స్‌ని తెల్లవారుజామున ఉక్కలోకి తెస్తే మంచు పట్టినట్టు అయిపోతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి, బయటికొచ్చాక అరగంట ఆగి తీయాలి.

తిండిలో ఉప్పూ బెల్లమూ గాలిలోంచే నీళ్లు లాగుతాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమరుస్తుంది. అందుకే పల్లీ ఉండలు జిగటవుతాయి, మురుకులు మెత్తబడతాయి. స్టీలు డబ్బా ఒకటి మోయండి. అగ్గిపెట్టె కూడా దాంట్లోనే.

తడిచేతుల పని

అన్నీ సరిగ్గా సర్దుకున్నా చివర్లో పని పాడుచేసేది మనమే. వాన మధ్యలో బిస్కెట్ ప్యాకెట్ కోసం లైనర్ మూతి విప్పుతాం. ముంజేతి వెంట నీళ్లు జారి లోపలికి పోతాయి. మనం వంగి చూస్తుంటే నెత్తి మీద నుంచి, ముక్కు కొస నుంచి ఇంకొన్ని. నేను మిద్దె మీద పరీక్షించిన రోజు, పది నిమిషాలు మగ్గులతో పోసినా లైనర్‌లోకి చుక్క రాలేదు. ఒక్కసారి విప్పి తువ్వాలు తీసి మూసేసరికి లోపల అరచేయంత మరక.

అందుకే సర్దే వరస ముఖ్యం. రాత్రి దాకా అక్కర్లేనివన్నీ లైనర్‌లో అడుగున. మూతి మడిచాక దాని పైన, లైనర్ బయట, దారిలో కావాల్సినవి: నీళ్లు, తిండి, పాంచో, చిన్న మందుల డబ్బా. ఇవి తడిసినా నష్టం లేనట్టు విడిగా ప్యాక్ చేసుకోవాలి. తడిబట్టలకి బ్యాగు బయటి జాలీ జేబు. లైనర్‌ని దారిలో విప్పడమే ఉండకూడదు.

ఇంకో కట్టుబాటు కష్టమైనది. రాత్రి బట్టలు రాత్రికే. పొద్దున్నే లేచి తడి టీషర్టు మళ్లీ వేసుకోవాలంటే ఒళ్లు జలదరిస్తుంది. పొడిది వేసుకుందామనిపిస్తుంది. వేసుకుంటే పది నిమిషాల్లో అదీ చెమటతో తడుస్తుంది, ఇక సాయంత్రానికి మీ దగ్గర పొడిబట్ట అనేదే ఉండదు. కళ్లు మూసుకొని తడిదే వేసుకోండి. నడక మొదలైన పావుగంటకి తెలియదు.

ఇంటికొచ్చాక

నా పాత టెంట్ చచ్చిపోయింది అడవిలో కాదు, మా ఇంటి అటక మీద. తడిగానే చుట్టి పెట్టేశాను, 'ఆదివారం ఆరేద్దాంలే' అని. ఆ ఆదివారం ఆరు నెలల తర్వాత వచ్చింది. విప్పితే పుల్లటి వాసన, చేతికి జిగట, పూత పొలుసులుగా రాలింది. చవక టెంట్లకీ బ్యాగులకీ లోపల వేసే పాలీయురేథేన్ పూత తేమతో కలిసి నెమ్మదిగా విరిగిపోతుంది. వేడి ఎంత ఎక్కువైతే అంత తొందరగా. మేలో తిరుపతి అటక కంటే దానికి అనువైన చోటు ఇంకోటి లేదు. ఒక్కసారి జిగట మొదలైతే మళ్లీ బాగుచేసే దారి లేదు.

కాబట్టి వచ్చిన రోజే విప్పాలి, ఎంత ఒళ్లు నొప్పులున్నా. నేరుగా ఎండలో వద్దు, ఎండకి నైలాన్ బలం తగ్గుతుంది. వరండాలోనో, మిద్దె మీద నీడలోనో ఒక పూట. బూట్లలో పేపరు ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చాలి.

జాకెట్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. దొర్లితే సరే. నల్లగా పాకితే ముందు సబ్బు మిగలకుండా ఉతికి, ఆరాక పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే పూతకి కొంత ప్రాణం వస్తుంది. లేబుల్ మీద ఇస్త్రీ గుర్తుకి అడ్డగీత ఉంటే మాత్రం చేయకండి.

లైనర్‌కీ ఒక పరీక్ష ఉంది. బుడగలా ఊది, మూతి బిగపట్టి, చెవి దగ్గర పెట్టుకొని ఒత్తాలి. ఈ మార్చిలో మా బావమరిది కవరు అడుగున ఉస్సుమంది. టేపు వేసినా ఆగలేదు. కొత్తది ఒకటి కావాలని మామకి ఫోన్ చేశాను.

"యూరియా దొరికితే కదా అల్లుడూ, కవరు దొరికేది" అన్నాడాయన.